లైబ్రరీలో కోల్డ్ స్టోరేజ్ పుస్తకాలు: కేటలాగ్‌లో ఉంటాయి, అరలో ఉండవు (చెన్నై)

అంబత్తూరు_చల్లదనం
అంబత్తూరు ఎస్టేట్‌లో ఒక చిన్న కంపెనీలో పని చేస్తున్నాను. కోల్డ్ స్టోరేజ్‌లకి అమ్మోనియా ప్లాంట్లు బిగించడం, పాతవాటిని బాగుచేయడం మా పని. నాది గూడూరు వైపు చదివిన డిప్లొమా. ఇన్నాళ్లూ మేస్త్రీ చెప్పింది చేసుకుంటూ వచ్చాను. ఇప్పుడు మా ఓనరు లెక్కలు కూడా నన్నే వేయమంటున్నారు. కంప్రెసర్‌కి గ్యాస్ తెచ్చే సక్షన్ లైను ఏ సైజు వేయాలి, ద్రవ అమ్మోనియా నిలవ ఉండే రిసీవర్ ఎంతది పెట్టాలి, సేఫ్టీ వాల్వు ఎంత కెపాసిటీది కావాలి, ఇవన్నీ. అంచనాగా వేసే లెక్కలు కావివి. తేడా వస్తే బయటికొచ్చేది అమ్మోనియా. అందుకే ఒక మంచి పుస్తకం పట్టుకుని మొదటి నుంచి వరసగా చదువుదామని లైబ్రరీకి వెళ్లడం మొదలుపెట్టాను.

మా ఏరియా బ్రాంచిలో టెక్నికల్ అంటే గోడవార ఒక్క అర. అందులో కూడా సగం పోటీ పరీక్షల గైడ్లే. సరేనని సిటీలో ఒక పెద్ద లైబ్రరీకి వెళ్లాను, పేరెందుకులెండి. కంప్యూటర్‌లో వెతికితే కొన్నే వచ్చాయి. వాటిలో "ఉంది" అని చూపించినది అరలో లేదు. ఏసీ పుస్తకాలు ఒకచోట, రిఫ్రిజిరేషన్ ఇంకోచోట, కోల్డ్ స్టోరేజ్ అయితే ఊరగాయలు, జాములు తయారుచేసే పుస్తకాల పక్కన. ఒక పుస్తకం పేరు కంప్యూటర్‌లోకి ఎక్కించేటప్పుడే స్పెల్లింగ్ తప్పు కొట్టారు, ఇక అది ఎవరికి దొరుకుతుంది?

చివరికి దొరికిన పుస్తకంలో వెనక మడతపెట్టి ఉండే ప్రెషర్-ఎంథాల్పీ చార్టుని, అంటే ఏ ప్రెషర్ దగ్గర ఎంత వేడి ఉంటుందో చూపించేదాన్ని, ఎవరో బ్లేడు పెట్టి కోసుకుపోయారు. కుట్టు దగ్గర అర అంగుళం కాగితం మిగిలింది. దాని మీద "ఆర్-717" అన్న పేరులో ముందు సగం కనబడుతోంది. ఆర్-717 అంటే అమ్మోనియానే. నాకు కావలసిందే అది.

కౌంటర్ దగ్గర అడిగితే "అంతా అక్కడే ఉంటుంది, చూసుకోండి" అన్నారు. కాలేజీలో చదవని, కాలేజీలో పనిచేయని మనిషికి ఈ ఊళ్లో టెక్నికల్ పుస్తకం దొరికే దారి ఏదైనా ఉందా? మీరంతా ఎలా చదువుకుంటున్నారు?

ఓఎంఆర్_కోడర్
ఈ రోజుల్లో లైబ్రరీ ఎందుకు బ్రో? నెట్‌లో లేనిది ఏముంది? నేను ఉద్యోగంలో చేరాక టెక్నికల్ పుస్తకం ఒక్కటి కూడా కాగితం మీద చదవలేదు. పని ఎక్కడా ఆగలేదు.

పెరంబూరు_వెంకట్
మీ ఫీల్డు వేరు తమ్ముడూ. సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లే డాక్యుమెంట్లు కూడా ఫ్రీగా పెడతారు. బాయిలర్ గురించి, కంప్రెసర్ గురించి అలా ఎవరు పెడతారు?

అంబత్తూరు_చల్లదనం
కోడర్ గారూ, నెట్ చూడకుండా ఇక్కడికి రాలేదు. వీడియోలో ఒకాయన పైపు సైజుల టేబుల్ చూపిస్తాడు, అది ఏ టెంపరేచర్‌కి, ఎంత ప్రెషర్ డ్రాప్ ఒప్పుకుని వేసిందో చెప్పడు. కంపెనీల కేటలాగులు వాళ్ల వాల్వు ఎంచుకోవడానికి కావలసినంత చెప్పి ఆపేస్తాయి. ఒక ఫోరంలో ఒకరు చెప్పింది ఇంకో ఫోరంలో ఇంకొకరు కాదంటారు. మంచి పుస్తకమైతే లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చెప్తుంది, ఎంతవరకు వాడొచ్చో కూడా చెప్తుంది. రేపు పైపు నేను వేస్తే దాని పక్కన మనుషులు పనిచేస్తారు. నాకు ఆ భరోసా కావాలి.

శారద_లైబ్రరీ
నేను ఒక ఇంజినీరింగ్ కాలేజీ లైబ్రరీలో చేసి రిటైరయ్యాను. బాబూ, మీరు చెప్పిన ప్రతి కష్టమూ నాకు తెలుసు, కౌంటర్‌కి అటువైపు నుంచి.

ముందు మూడు చోట్ల ఎందుకున్నాయో చెప్తాను. పుస్తకాలని విషయాల వారీగా విడదీసే డ్యూయీ నంబర్లు వేసే లైబ్రరీలో పుస్తకం దేని గురించి అన్నది ఒక్కటే చూడరు, ఏ విద్య వైపు నుంచి రాశారన్నది చూస్తారు. చల్లబరిచే యంత్రాల సంగతి 621.56, 621.57 దగ్గర ఉంటుంది. భవనాల ఎయిర్ కండిషనింగ్ 697లోకి పోతుంది, ఎందుకంటే అది భవన నిర్మాణంలో భాగం. ఆహారం పాడవకుండా దాచడం 664. మీ పనికి ఈ మూడూ కావాలి. ఈ మూడు నంబర్లూ చీటీ మీద రాసుకుని వెళ్లండి. "కోల్డ్ స్టోరేజ్ పుస్తకాలెక్కడ" అని అడిగితే కౌంటర్‌లో ఉన్నవారికి తెలియకపోవచ్చు. నంబరు చెప్తే ఎవరైనా నేరుగా అర దగ్గరికి తీసుకెళ్తారు.

రెండోది, కంప్యూటర్‌లో పదం మొత్తం కొట్టకండి. ఇంగ్లీషులో మొదటి ఆరు అక్షరాలు, "రిఫ్రిగ్" వరకు కొట్టి పక్కన నక్షత్రం గుర్తు (*) పెట్టండి. చాలా లైబ్రరీ సాఫ్ట్‌వేర్లలో అలా మొదలయ్యే మాటలన్నీ వచ్చేస్తాయి, ఆ తర్వాత స్పెల్లింగ్ తప్పు కొట్టినవి కూడా.

మూడోది అసలైనది. "అరలో లేదు" అంటే పోయిందని కాదు. స్టాక్ రూమ్‌లో ఉండొచ్చు, బైండింగ్‌కి వెళ్లి ఉండొచ్చు, అద్దాల బీరువాలో తాళం వేసి ఉండొచ్చు. అక్సెషన్ నంబరు, అంటే లైబ్రరీ ఒక్కో కాపీకి వేసే సొంత నంబరు, రాసిచ్చి "ఇది ఇప్పుడు ఎక్కడుందో చూసి చెప్పండి" అని అడగండి. అలా అడిగితే ఎవరో ఒకరు లేచి వెళ్లి చూస్తారు.

రిచీస్ట్రీట్_రవి
మేడమ్, ఆ అద్దాల బీరువాకి తాళం ఎందుకేస్తారు? ఎప్పుడు చూసినా మంచి టెక్నికల్ పుస్తకాలన్నీ దాని లోపలే ఉంటాయి. అట్ట చూసి ఆనందపడాల్సిందేనా?

శారద_లైబ్రరీ
దానికీ కారణం ఉంది. కేంద్ర ప్రభుత్వ ఆర్థిక నియమాలు, అంటే 2017 జీఎఫ్‌ఆర్, 215వ నియమం చూడండి. ఏడాదిలో పాఠకుల చేతికిచ్చిన ప్రతి 1,000 పుస్తకాలకి 5 పోతే మామూలు నష్టంగానే లెక్కేయొచ్చు, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే. కానీ 1,000 రూపాయలు దాటిన పుస్తకం ఒక్కటి పోయినా విచారణ జరగాల్సిందే. కథల పుస్తకం ఆ ధర ఎందుకు దాటుతుంది? దాటేవి టెక్నికల్ హ్యాండ్‌బుక్‌లే. అది కేంద్ర సంస్థలకి రాసిన నియమమే, కానీ విచారణ భయం లేని లైబ్రేరియన్‌ని నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు. పైగా మన పోస్టు పెట్టినవారి చార్టు సంగతి చూశారుగా, బ్లేడుతో కోసేవాళ్లుంటే తాళం పడుతుంది.

ఆ బ్లేడు మనిషి మీద నాకు ఇప్పటికీ కోపమే. ఒక్కడి అవసరం కోసం తర్వాత వచ్చే వాళ్లందరి చార్టూ పట్టుకుపోయాడు. జిరాక్స్ తీసుకుంటే సరిపోయేది. సొంత చదువుకి, పరిశోధనకి కొన్ని పేజీల కాపీ తీసుకోవడాన్ని 1957 కాపీరైట్ చట్టంలో 52వ సెక్షన్ ఒప్పుకుంటుంది. మొత్తం పుస్తకం మాత్రం అడగకండి.

పెరంబూరు_వెంకట్
జీఎఫ్‌ఆర్ సంగతి మొదటిసారి వింటున్నా. ఇన్నాళ్లూ లైబ్రేరియన్లకి మనమంటే పడదనుకున్నాను.

పాత_మద్రాసు
మా రోజుల్లో టెక్నికల్ పుస్తకం కావాలంటే మూర్ మార్కెట్టే. ఐటీఐ కుర్రాళ్ల దగ్గర నుంచి ప్రొఫెసర్ల దాకా అక్కడే తిరిగేవాళ్లు. 1985లో కాలిపోయింది. ఇప్పుడు సెంట్రల్ స్టేషన్ పక్కన సబర్బన్ రైళ్లు ఆగే భవనం ఆ జాగాలోదే. ఆ పుస్తకాల వ్యాపారులకి దగ్గర్లో షాపులిచ్చారు, అక్కడ ఇప్పటికీ పాత ఇంజినీరింగ్ పుస్తకాలు దొరుకుతాయి. ఓపికుంటే వెళ్లి చూడు నాయనా. పాత పుస్తకాల్లో ఉన్న వివరణ ఇప్పటి వాటిలో లేదు. ఒక్కో అడుగూ చేయి పట్టుకుని నడిపించినట్టు రాసేవాళ్లు.

కంప్రెసర్_ఖాదర్
పెద్దాయన మాట కాదనడానికి మనసొప్పదు కానీ మా లైన్‌లో పాత పుస్తకం ప్రమాదం. రాయపురంలో నాది ఏసీ, ఫ్రిజ్ సర్వీస్ షాపు. లైబ్రరీలో దొరికే పుస్తకాల్లో ఇంకా ఆర్-12 అనే పాత ఫ్రిజ్ గ్యాస్ టేబుళ్లే. ఓజోన్ పొరకి చిల్లు పెడుతోందని 1987 మాంట్రియల్ ఒప్పందంతో దాన్ని ఆపే పని మొదలైంది. ఆర్-22 కూడా మన దేశంలో 2030కల్లా ఆగిపోవాలి. ఇప్పుడు షాపుకొచ్చేవి ఆర్-32, ఆర్-290. ఆర్-290 అంటే ప్రొపేన్, మంట అంటుకునే గ్యాస్. పాత పుస్తకంలో ఆర్-12కి రాసిన పద్ధతి చదివి, అదే చేత్తో ఆర్-290 ఫ్రిజ్ ట్యూబుని మంట పెట్టి అతికితే (బ్రేజింగ్) ఏమవుతుందో ఆలోచించండి. ఆ పుస్తకం అరలో ఉండటం కన్నా లేకపోవడమే నయం.

పాత_మద్రాసు
ఖాదర్ గారూ, గ్యాసులు మారతాయి, ఒప్పుకుంటాను. థర్మోడైనమిక్స్ మారదు కదా. గాలిలో తేమ లెక్కలు నలభై ఏళ్ల కిందటా ఇవే, ఇప్పుడూ ఇవే.

అంబత్తూరు_చల్లదనం
ఇద్దరి మాటా నా పనికి పనికొస్తుంది. అమ్మోనియా అప్పుడూ ఇప్పుడూ మైనస్ 33 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. దానికి రాగి పైపు, ఇత్తడి ఫిట్టింగు పనికిరావు, స్టీలే వేయాలి. ఇది పాత పుస్తకంలోనూ అంతే. మారింది సేఫ్టీ వైపు, కంట్రోల్స్ వైపు. కాబట్టి నాకు పాతదీ కావాలి, కొత్తదీ కావాలి. లైబ్రరీలో పాతది మాత్రమే ఉండటం దగ్గరే నా గొడవ.

ఇంకో చిక్కు, పాతవాటిలో అన్నీ బీటీయూల్లో, అంటే పాత బ్రిటిష్ వేడి కొలతల్లో ఉంటాయి. చల్లబరిచే శక్తిలో ఒక టన్ను అంటే గంటకి 12,000 బీటీయూ, అంటే 3.517 కిలోవాట్లు, అని ప్రతి పేజీలోనూ మార్చుకుంటూ పోవాలి.

శారద_లైబ్రరీ
ఖాదర్ గారూ, "లేకపోవడమే నయం" అన్నది మాత్రం ఒప్పుకోలేను. పాత పుస్తకాన్ని తీసి స్టాక్ రూమ్‌లో పెట్టాలి, పారేయకూడదు. ఆర్-12తో నడిచే పాత ప్లాంటు ఎక్కడైనా విప్పాల్సి వస్తే అదే దిక్కు. బయటి అరలో మాత్రం కొత్త ఎడిషన్ ఉండాలి. సాహిత్యానికీ టెక్నికల్‌కీ ఒకే రకం అర పెట్టడం నుంచే ఈ తంటా మొదలవుతుంది.

గ్రూప్‌టూ_సౌమ్య
మొదటి పోస్టులో పోటీ పరీక్షల గైడ్ల మీద ఒక మాట పడింది కాబట్టి రాస్తున్నాను. మేం కూడా ఆ లైబ్రరీల్లోనే చదువుతాం. మా ఇంట్లో ఒకే గది, అందులో టీవీ, తమ్ముడు, అమ్మ కుట్టుమిషను. పొద్దున్నే వెళ్లి కుర్చీ పట్టుకోకపోతే మాకు చదువే లేదు. టెక్నికల్ అర ఖాళీగా ఉండటానికి కారణం మేం కాదు. మా బ్రాంచిలో "పాఠకులకు కావలసిన పుస్తకాలు" అని ఒక రిజిస్టర్ ఉంది. నేనూ మా ఫ్రెండ్సూ అందులో రాస్తూనే ఉంటాం, అందుకే గైడ్లు వస్తున్నాయి. నేను పేజీలు తిప్పి చూశాను, ఇంజినీరింగ్ పుస్తకం కావాలని రాసినవాళ్లు దాదాపు ఎవరూ లేరు.

పెరంబూరు_వెంకట్
ఈ అమ్మాయి సరైన చోట పట్టుకుంది.

ఓఎంఆర్_కోడర్
రిజిస్టర్‌లో రాస్తే కొంటారంటే నమ్మమంటారా? గవర్నమెంట్ పని.

గ్రూప్‌టూ_సౌమ్య
మాకు కొన్నారు అన్నా. అన్నీ కాదు, ఆలస్యంగా. కానీ కొన్నారు.

వేళచ్చేరి_సివిల్
అది ఎవరి డబ్బో కూడా గుర్తుపెట్టుకోండి. తమిళనాడులో ఇంటి పన్ను మీద రూపాయికి 10 పైసలు లైబ్రరీ సెస్ వసూలు చేస్తారు. పన్ను రసీదు తీసి చూస్తే కనబడుతుంది. అద్దెకున్నవాళ్లు కూడా అద్దెలో పరోక్షంగా కడుతున్నట్టే. ఎవరి దగ్గరా చేయి చాచక్కర్లేదు, అడగాల్సిన హక్కు మనది.

బనశంకరి_నుంచి
బెంగళూరు నుంచి. ఇక్కడ సెస్ 6 శాతం, 1965 చట్టం ప్రకారం. కష్టాలు మాత్రం డిటో. మా ఏరియా లైబ్రరీలో పేపర్లు చదివేవాళ్లు, పరీక్షలకి చదివేవాళ్లు తప్ప టెక్నికల్ కోసం వచ్చినవాళ్లు కనబడరు. లేవని రారు, రారని కొనరు.

పాత_మద్రాసు
సెస్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పనివ్వండి. స్వతంత్రం వచ్చాక దేశంలో మొదటి గ్రంథాలయ చట్టం చేసింది ఈ మద్రాసు రాష్ట్రమే, 1948లో. దాని వెనక రంగనాథన్ గారు ఉన్నారు. లెక్కల మేష్టారుగా ఉండి 1924లో మద్రాసు యూనివర్సిటీకి లైబ్రేరియన్‌గా వచ్చి, ప్రపంచమంతా చదివే గ్రంథాలయ సూత్రాలు 1931లో ప్రకటించారు. అందులో నాలుగోది "పాఠకుడి సమయం ఆదా చెయ్యి". అంతకన్నా ముందే, 1919 నవంబర్ 14న, అఖిల భారత గ్రంథాలయ మహాసభ ఈ ఊళ్లోనే జరిగింది. నడిపించింది మన అయ్యంకి వెంకటరమణయ్య గారు. జాతీయ గ్రంథాలయ వారోత్సవాలు నవంబర్ 14న మొదలయ్యేది అందుకే.

రిచీస్ట్రీట్_రవి
అది నెహ్రూ గారి పుట్టినరోజు కోసమని అనుకున్నాను ఇన్నాళ్లూ! బాబాయ్, మీరు ఉండగా మాకు లైబ్రరీ ఎందుకు?

పాత_మద్రాసు
నా దగ్గర అమ్మోనియా టేబుళ్లు లేవు నాయనా.

బనశంకరి_నుంచి
రంగనాథన్ గారు 1957లో మా ఊరికి వచ్చేశారు. 1962లో ఇక్కడే డాక్యుమెంటేషన్ శిక్షణ కేంద్రం పెట్టారు. సగం క్రెడిట్ మాకు.

వేళచ్చేరి_సివిల్
అసలు విషయానికొస్తే, స్టాండర్డ్స్ కోసం లైబ్రరీ చుట్టూ తిరగనక్కర్లేదు. భారతీయ ప్రమాణాలు తయారుచేసే బీఐఎస్ వాళ్ల పోర్టల్‌లో పేరు రిజిస్టర్ చేసుకుంటే భారతీయ ప్రమాణాలు ఫ్రీగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. మేం కాంక్రీటుకి ఐఎస్ 456 అలాగే తీసుకుంటాం. ఒకప్పుడు ప్రతిదీ డబ్బిచ్చి కొనాల్సి వచ్చేది. ఐఎస్‌ఓ, ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థల వాటిని యథాతథంగా తీసుకున్న ప్రమాణాలు మాత్రం ఫ్రీ కాదు, గమనించండి. మీకు కావలసింది ఐఎస్ 660, మెకానికల్ రిఫ్రిజిరేషన్ సేఫ్టీ కోడ్. ఏసీకి ఐఎస్ 659.

కంప్రెసర్_ఖాదర్
ఐఎస్ 660 ఏ సంవత్సరంది?

వేళచ్చేరి_సివిల్
1963.

కంప్రెసర్_ఖాదర్
అదీ సంగతి. నేను ఇందాక చెప్పింది ఇదే.

వేళచ్చేరి_సివిల్
పాతదే, కాదనను. దాంతో మొదలుపెట్టి, ఆగిపోకూడదు. కోల్డ్ స్టోరేజ్‌కి ఇంకోటి ఉంది. జాతీయ హార్టికల్చర్ బోర్డు 2010లో టెక్నికల్ స్టాండర్డ్స్ వేసింది, టైప్ 01, 02, 03 అని. పండ్లు, కూరగాయల స్టోరేజ్‌కి లోడ్ లెక్క ఎలా వేయాలి, ఇన్సులేషన్ ఎంత మందం ఉండాలి, ఏ సేఫ్టీ ఏర్పాట్లు ఉండాలి, అన్నీ ఉంటాయి. అది కూడా ఫ్రీ. సబ్సిడీకి అప్లై చేసే ఓనర్లకి ఇది తెలిసే ఉంటుంది, మీ ఓనర్ని అడగండి.

అంబత్తూరు_చల్లదనం
ఓనరు బీరువాలో ఒక ప్రింటవుట్ స్పైరల్ బైండింగ్‌తో ఉంది, టైప్ 02 అని రాసి ఉంది. అదేనన్నమాట! థ్యాంక్స్ అన్నా. ఇదొక్కటి చదివినా సగం టెన్షన్ పోతుంది.

లక్ష్మీప్రసన్న_ఎంటెక్
నేను ఒక ప్రభుత్వ కాలేజీలో ఎంటెక్ చేస్తున్నాను. మాకు ఇప్పుడు కొరత లేదు. "ఒకే దేశం ఒకే చందా" పథకాన్ని 2024 నవంబర్‌లో కేంద్ర కేబినెట్ ఒప్పుకుంది. 3 ఏళ్లకి 6,000 కోట్లు, 30 ప్రచురణ సంస్థలు, దాదాపు 13,000 పరిశోధన జర్నళ్లు. లాగిన్ అయితే చాలు పేపరు వచ్చేస్తుంది. కానీ ఇది ప్రభుత్వ విద్యాసంస్థల్లో, కేంద్ర పరిశోధనా సంస్థల్లో ఉన్నవాళ్లకే. మా నాన్న తిరువొత్తియూరులో ఫౌండ్రీలో పనిచేస్తారు. పోత పోసేటప్పుడు వచ్చే లోపాల గురించి ఆయనకి నాకన్నా ఎక్కువ ప్రశ్నలున్నాయి. ఆ పేపర్లు చదివే దారి మాత్రం ఆయనకి లేదు. ప్రజల డబ్బుతో కొన్న చందా పబ్లిక్ లైబ్రరీలో ఒక్క కంప్యూటర్‌లో తెరిచి పెట్టినా ఎంత మేలు!

పెరంబూరు_వెంకట్
మీ నాన్నగారికి మీరే డౌన్‌లోడ్ చేసి ఇచ్చేయొచ్చుగా?

లక్ష్మీప్రసన్న_ఎంటెక్
ఇంట్లో స్క్రీన్ మీద కూర్చుని ఇద్దరం చదువుతాం. వాట్సాప్ గ్రూపుల్లో పంచడం మాత్రం చేయను, లైసెన్సు దానికి ఒప్పుకోదు. అయినా ఒక్క కూతురు చదువుకుంటే తప్ప తండ్రికి పేపరు దొరకదంటే అది పద్ధతేనా చెప్పండి? కూతురు చదువుకోని వర్కర్ల సంగతేంటి?

అంబత్తూరు_చల్లదనం
ప్రసన్నా, నేను అడగాలనుకున్నది సరిగ్గా ఇదే, నాకు ఇంత స్పష్టంగా రాయడం రాలేదు. నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఓఎంఆర్_కోడర్
నేను ఇప్పటికీ నెట్ వైపే. కాకపోతే ఉత్త మాట చెప్పి వెళ్లడం ఎందుకని కాస్త వెతికాను. మీకు పోయిన చార్టు సంగతి ఇది. అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ వాళ్ల కెమిస్ట్రీ వెబ్‌బుక్‌లో అమ్మోనియా ఎంచుకుని, ఏ టెంపరేచర్ నుంచి ఏ టెంపరేచర్ వరకు కావాలో ఇస్తే సాచురేషన్ టేబుల్ (మరిగే స్థితిలో విలువలు) మొత్తం వస్తుంది, ఫ్రీగా. ప్రెషర్, డెన్సిటీ, ఎంథాల్పీ అన్నీ. ఆర్-22, ఆర్-32 కూడా ఉన్నాయి. పైథాన్ తెలిస్తే కూల్‌ప్రాప్ అని ఓపెన్ సోర్స్ ప్యాకేజీ ఉంది, చార్టు మీరే గీసుకోవచ్చు. కావాలంటే నేను గీసి ఏ3 సైజులో పంపిస్తా.

కంప్రెసర్_ఖాదర్
తమ్ముడు పనికొచ్చే మాట చెప్పాడు. నాకు ఆర్-32ది పంపు నాన్నా. లామినేషన్ చేయించి షాపు గోడకి తగిలిస్తా.

లక్ష్మీప్రసన్న_ఎంటెక్
ఒక్క జాగ్రత్త. ఎంథాల్పీ సున్నా ఎక్కడ పెట్టారన్నది ఒక్కో టేబుల్‌లో ఒక్కోలా ఉంటుంది. కొన్నింట్లో సున్నా డిగ్రీల దగ్గర ద్రవానికి 200 అని పెడతారు, కొన్నింట్లో మైనస్ 40 దగ్గర సున్నా. పాత పుస్తకం నుంచి ఒక విలువ, వెబ్‌సైట్ నుంచి ఇంకో విలువ తీసుకుని తీసివేస్తే జవాబు తప్పొస్తుంది. ఎన్‌ఐఎస్‌టీ పేజీలో ఏ పద్ధతి కావాలో ఎంచుకునే చోటు ఉంది. ఒక లెక్క మొదలుపెడితే చివరిదాకా ఒకే టేబుల్ వాడండి.

పాత_మద్రాసు
ఇలాంటి మాట పుస్తకంలో ఉంటుంది, టేబుల్ కింద చిన్న అక్షరాల్లో. స్క్రీన్ మీద టేబుల్ ఒక్కటే తీసుకుంటే ఆ చిన్న అక్షరాలు జారిపోతాయి. పాపకి ఎవరో మంచి మేష్టారు దొరికారు.

రిచీస్ట్రీట్_రవి
నా వైపు నుంచి ఒకటి. ఎలక్ట్రానిక్స్‌లో డేటాషీట్లు కంపెనీలే ఫ్రీగా ఇస్తాయి కాబట్టి కొత్త వాటికి బాధ లేదు. ఎక్కడ ఇరుక్కుంటామంటే మూతపడ్డ కంపెనీల మిషన్ల దగ్గర. పాత డ్రైవ్ బోర్డు రిపేరుకి వస్తుంది, సర్క్యూట్ డయాగ్రమ్ ఎక్కడా ఉండదు. మా వీధిలో పెద్దవాళ్ల దగ్గర జిరాక్సులు కట్టలు కట్టలుగా ఉన్నాయి, ఒకరి చేతి నుంచి ఒకరికి వెళ్తాయి. ఇవి ఏ లైబ్రరీలో చేరాలి? ఎవరూ తీసుకోరు. ఆ పెద్దవాళ్లు షాపు మూసేసిన రోజున ఆ కట్టలన్నీ పాత పేపర్ల షాపుకే.

శారద_లైబ్రరీ
రవీ, అవి స్కాన్ చేసే పని ఎవరైనా మొదలుపెడితే నేను వచ్చి వివరాలు రాసిపెడతాను. నిజంగానే చెప్తున్నా. ఏ మిషను, ఏ మోడలు, ఏ సంవత్సరం అని రాయకపోతే స్కాన్ చేసినా ఎవరికీ దొరకదు.

వేళచ్చేరి_సివిల్
ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? 1896 నుంచి ఉంది. 1954 చట్టం ప్రకారం దేశంలో అచ్చైన ప్రతి పుస్తకానికీ ఒక కాపీ అక్కడికి రావాలి. అలాంటి లైబ్రరీలు దేశంలో నాలుగే: కోల్‌కతా, ముంబై, ఢిల్లీ, మన చెన్నై.

పెరంబూరు_వెంకట్
అంటే టెక్నికల్ పుస్తకాలన్నీ అక్కడ ఉండి తీరాలి కదా?

శారద_లైబ్రరీ
చట్టం చెప్పింది అదే, ప్రచురణకర్త తన ఖర్చుతో 30 రోజుల్లోగా పంపాలి. పంపకపోతే జరిమానా 50 రూపాయల వరకు, దానికి తోడు పుస్తకం ధర. 50 రూపాయలకి ఎవరు భయపడతారు? పంపేవాళ్లు పంపుతారు, పంపనివాళ్లు పంపరు. పైగా విదేశాల్లో అచ్చయ్యే హ్యాండ్‌బుక్‌లకి ఈ చట్టం వర్తించదు, అవి కొనాల్సిందే. అయినా ఇక్కడ అచ్చైన ఇండియన్ ఎడిషన్ కోసమైతే ముందు అక్కడ వెతకడమే తెలివి. కొత్త సైన్స్, ఇంజినీరింగ్ పుస్తకాలకి కొట్టూర్‌పురంలో 2010లో తెరిచిన అన్నా శతాబ్ది గ్రంథాలయం చూడండి. రెండుచోట్లా నంబరు చీటీ మర్చిపోకండి.

అంబత్తూరు_చల్లదనం
అప్‌డేట్. శారదమ్మ గారు చెప్పినట్టే, "ఉంది" అని చూపించి అరలో కనబడని పుస్తకం అక్సెషన్ నంబరు రాసిచ్చి అడిగాను, మొదట చెప్పిన ఆ పెద్ద లైబ్రరీలోనే. ఈసారి కౌంటర్‌లో ఒకావిడ ఉన్నారు. చీటీ చూసి లోపలికి వెళ్లి, చీర కొంగుతో దుమ్ము తుడుస్తూ పుస్తకం తెచ్చి ఇచ్చారు. స్టాక్ రూమ్‌లో ఉందట. చార్టు చిరగకుండా ఉంది. పైపు సైజుల అధ్యాయం పేజీలు జిరాక్స్ తీసుకున్నాను. సాయంత్రం మూసే వేళ దాకా అక్కడే కూర్చుని చదివాను. సక్షన్ లైనులో ప్రెషర్ డ్రాప్ ఎందుకంత తక్కువ ఉంచాలో మొదటిసారి అర్థమైంది. మైనస్ టెంపరేచర్లలో అసలు ప్రెషరే తక్కువ, అందులోంచి కాస్త పోయినా కంప్రెసర్‌కి వచ్చే గ్యాస్ పలచబడిపోతుంది. మా మేస్త్రీ ఎప్పుడూ "ఒక సైజు పెద్దదే వెయ్" అనేవాడు, ఎందుకో చెప్పేవాడు కాదు.

ఇంకా మిగిలింది సేఫ్టీ వాల్వు కెపాసిటీ. అది కొత్త పుస్తకంలోనే చూడాలి, అక్కడ లేదు. అడిగితే కొనమని రాసివ్వమన్నారు.

కంప్రెసర్_ఖాదర్
రాయండి. నా సంతకం కూడా పెట్టండి. ఆర్-290 సర్వీసింగ్ మీద కూడా ఒకటి చేర్చండి, రాయపురం, వాషర్‌మెన్‌పేట మెకానిక్‌లందరి చేతా సంతకాలు పెట్టించి తెస్తాను.

గ్రూప్‌టూ_సౌమ్య
బ్రాంచి రిజిస్టర్‌లో కూడా రాయండి అన్నా, పెద్ద లైబ్రరీలో ఒక్కచోటే కాదు. ఒకే పుస్తకాన్ని చాలామంది వేరువేరు రోజుల్లో రాస్తే మా దగ్గర తొందరగా వచ్చింది.

ఓఎంఆర్_కోడర్
లిస్టు టైపు చేసే పని నాకివ్వండి. ప్రసన్న గారి ఫౌండ్రీ పుస్తకాలు కూడా కలిపేద్దాం.

అంబత్తూరు_చల్లదనం
సరే. నా వరకు మొదటి ముక్క రాశాను: "అమ్మోనియా రిఫ్రిజిరేషన్, పైపింగ్, సేఫ్టీ మీద ఒక హ్యాండ్‌బుక్, మండే గుణం ఉన్న రిఫ్రిజిరెంట్ల సర్వీసింగ్ మీద ఒక పుస్తకం, కోల్డ్ స్టోరేజ్ డిజైన్ మీద ఒకటి." ఇలా ఇస్తే చాలా?

శారద_లైబ్రరీ
చాలదు. ఇలా ఇస్తే టెండర్‌లో ఎవరు తక్కువకి ఇస్తే వాళ్ల దగ్గర ఏది ఉంటే అది వస్తుంది. ఒక్కో పుస్తకానికి పూర్తి పేరు, రచయిత, ప్రచురణకర్త, ఐఎస్‌బీఎన్ (పుస్తకం మీద అచ్చేసే గుర్తింపు నంబరు), ఇండియన్ ఎడిషన్ ఉంటే దాని ధర రాయండి. ఎన్నో ఎడిషనో, ఏ సంవత్సరమో తప్పకుండా ఉండాలి, లేదంటే గోడౌన్‌లో మిగిలిన పాతదే పంపుతారు. కింద రెండు లైన్లలో ఎవరికి, ఏ పనికి కావాలో చెప్పండి. రెండు కాపీలు తీసి ఒకటి ఇచ్చి, రెండోదాని మీద తేదీతో సంతకం తీసుకోండి. ఇచ్చేముందు లిస్టు ఇక్కడ పెట్టండి, ఐఎస్‌బీఎన్‌లు నేను సరిచూస్తాను.